అబ్బా బండికి కొత్త దిల్

పోయిన ఏప్రిల్‌లో ఒక మంగళవారం. అమ్మీకి కర్నూలులో డయాలసిస్ చేయించి వడ్డేపల్లికి తిరిగొస్తున్నాం. పగలు రెండున్నర. తుంగభద్ర వంతెన దాటాం, పుల్లూరు టోల్‌గేటు దాటాం, అలంపూర్ చౌరస్తా ఇంకా రాలేదు. మా మారుతి వ్యాన్‌లో నా సీటు కింద ఎవరో ఈల వేసినట్టు చప్పుడైంది. మీటరు చూస్తే వేడి ముల్లు ఎర్ర గీత మీదికి పోయి ఉంది. బండిని పక్కకు తీసేలోగా సీటు సందుల్లోంచి ఆవిరి పైకొచ్చింది.

అమ్మీని దింపి వేపచెట్టు కింద కూర్చోబెట్టాను. రేడియేటర్‌లో చుక్క నీళ్లు లేవు. చుట్టుపక్కల పత్తి చేలు, అవి కూడా దున్ని వదిలేసినవి. బండిలో ఉన్న నీళ్లు అమ్మీ సీసాలోవే.

డయాలసిస్ మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సీసా సంగతి తెలుసు. కిడ్నీలు పని చేయవు కాబట్టి తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం వస్తుంది. అందుకని డాక్టర్ హిసాబ్ కట్టి ఇచ్చాడు: చాయ్, మజ్జిగ, పప్పులో పులుసుతో కలిపి రోజుకు ముప్పావు లీటరు. మా ఎండల్లో ముప్పావు లీటరంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అమ్మీ మూత నిండా పోసుకొని నాలుక తడుపుకొని మూత పెట్టేస్తుంది.

ఆ సీసా నా చేతికిచ్చింది. "పోయ్ బేటా. ముందు దాని దాహం తీర్చు."

పోశాను. సరిపోలేదు. పరుగున పోయి దూరంగా ఉన్న ధాబాలో ఫ్రిజ్ నీళ్లు రెండు సీసాలు తెచ్చి అవీ పోశాను. లోపల 'టక్' మని చప్పుడైంది. తరువాత ఇంజన్ తిరగలేదు. లారీకి తాడు కట్టించుకొని చీకటి పడ్డాక ఇల్లు చేరాం.

*

మా ఉస్తాద్ షెడ్డు శాంతినగర్ రోడ్డు మీద ఉంటుంది. నలభై ఏళ్లుగా అదే జామచెట్టు కింద బండ్లు విప్పుతున్నాడు. సీటు ఎత్తి, హెడ్డు విప్పి చూసి, నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు. "గరం ఇంజన్‌లో ఠండా పానీ పోశావా?"

తల ఊపాను.

"పత్రికలో రోజూ లోకానికి బుద్ధులు చెప్తావు గదా బేటా. పొయ్యి మీద కాగిన గాజు గ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమైతది?"

బ్లాకు పగిలింది. రెండో సిలిండర్ నుంచి నీటి దారి వరకు వెంట్రుకంత పగులు. రేడియేటర్ సగం పూడుకుపోవడం వల్ల వేడెక్కింది, నా తొందర వల్ల పగిలింది. వేడెక్కిన బండిని ఆపి, కనీసం అరగంట ఊరుకొని, రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి మెల్లగా విప్పి, ఇంజన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా మామూలు నీళ్లు పోయాలి. ఇది మా అబ్బా నాకు వంద సార్లు చెప్పాడు. అమ్మీ చెట్టు కింద కూర్చుని ఉంటే అరగంట ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఉస్తాద్ ఫైసలా చెప్పాడు. "ఇంతకు ముందే రెండుసార్లు బోర్ చేసినం. ఇగ చెక్కడానికి గోడలో మాంసం లేదు. దిల్ మార్చాల్సిందే."

ఈ బండిది 1998 మోడల్. అబ్బా 2003లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రాజోలి మగ్గాల నుంచి చీరలు తెచ్చి, ఐజ, గద్వాల, శాంతినగర్ సంతల్లో అమ్మేవాడు. వెనక సీటు తీసేసి మూటలు పేర్చేవాడు. శుక్రవారం మాత్రం సీటు మళ్లీ బిగించి మమ్మల్ని ఎక్కించుకునేవాడు. అలంపూర్‌లో షా అలీ పహిల్వాన్ దర్గా ఉర్సుకు పదకొండు మందిమి ఈ బండిలో పోయిన రోజులున్నాయి. అబ్బా పోయి ఆరేళ్లయింది. ఆర్.సి.లో పేరు నా మీదికి మారినా, ఇంట్లో ఇప్పటికీ అది 'అబ్బా బండి'యే. అమ్మడం అనే మాట ఎవరి నోటా రాలేదు. కొత్తది కొనడమనే మాట నా జీతం చూసి నోటి దాకా రాలేదు. అద్దె కారు పెడితే వారానికి రెండు ట్రిప్పులకే ఇంటి బడ్జెట్ తలకిందులు.

తమ్ముడు అన్నాడు, "భాయ్, ఎట్లాగూ ఇంజన్ దింపుతున్నాం. ఏసీ కూడా వేయిద్దాం. అమ్మీ కోసం."

నేను మొదట నవ్వాను. పాత మారుతి వ్యాన్‌కు ఏసీయా? ఆ రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. మనకైతే దాహం వేస్తే నీళ్లు తాగుతాం. నీళ్లు లెక్కపెట్టుకొని తాగే మనిషికి ఏం చేయాలి? చెమట పట్టకుండా చూడాలి. అమ్మీకి చల్లగాలే నీళ్లు.

*

షెడ్డులో ఆ రెండు నెలలు నేను నేర్చుకున్నది రాయాలి. ముందు భాష సంగతి.

మన దగ్గర గ్యారేజీలో తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు ఒకే డబ్బాలో బోల్టుల్లా కలిసి ఉంటాయి. స్పానర్‌ను పానా అంటారు, స్క్రూడ్రైవర్‌ను పేచ్‌కస్. లేత్ పనిచేసే వాడు ఖరాదీ. టైరులో గాలి హవా. ఖరాబ్, తయారీ, మరమ్మతు అన్న మాటలు ఉర్దూవని చెప్తే నా తెలుగు క్లాస్‌మేట్లు నమ్మేవాళ్లు కాదు. డిగ్రీలో మా తెలుగు సార్ 'మరమ్మతు'ను బోర్డు మీద రాసి ఇది ఏ భాష అని అడిగితే, క్లాసంతటిలో చెయ్యెత్తింది నేనొక్కడినే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా సైన్స్ పుస్తకంలో బాష్పీభవనాన్ని 'తబ్ఖీర్' అనేవాళ్లు, ఆవిరి మళ్లీ నీరు కావడాన్ని 'తక్సీఫ్'. బట్టీ పట్టాం, మర్చిపోయాం. తర్వాత ఎప్పుడో ఒక వ్యాసం కోసం చదువుతుంటే తెలిసింది: ఉర్దూలో సైన్సు మాటలు తయారు చేయడానికి హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా అని అనువాద శాఖనే పెట్టారు. మరుసటి ఏడాది మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలో చెప్పడానికి ఆ మెహనత్. ఆ పెద్దమనుషులు పేర్చిన మాటలు వందేళ్ల తర్వాత వడ్డేపల్లిలో జామచెట్టు కింద నాకు పనికొస్తాయని ఎవరనుకున్నారు?

ఏసీలో జరిగేది ఈ రెండు మాటలే. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. తబ్ఖీర్. ఏసీలో నీళ్ల బదులు గ్యాస్. డ్యాష్‌బోర్డు కింద ఉండే కాయిల్‌లో అది ఆవిరై బండి లోపలి వేడిని తాగేస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా అదిమి ముందున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ అది బయటి గాలికి వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. తక్సీఫ్. సన్నటి రంధ్రంలోంచి మళ్లీ లోపలికి పోయి మళ్లీ ఆవిరవుతుంది. అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. హమాలీ పని.

ఇంకో మాట చెప్తే నా వృత్తి వాళ్లు సంతోషిస్తారు. విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఏసీ యంత్రం రూపొందించింది మనుషుల కోసం కాదు, ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం. గాలిలో తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావట. కాగితం సుఖపడ్డాక నలభై ఏళ్లకు గానీ కార్లలో మనిషికి ఆ సుఖం రాలేదు. ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లలో మొదటిసారి పెట్టింది.

*

మారుతి వ్యాన్ 1984లో వచ్చింది, 1988 నుంచి ఓమ్ని అయింది, 2019లో తయారీ ఆగిపోయింది. దాని ఇంజన్ మారుతి 800దే: మూడు సిలిండర్లు, 796 సీసీ. శక్తి 35 గుర్రాలకు కొంచెం అటూ ఇటూ. కంప్రెసర్ తిరగడానికి మూడు నాలుగు గుర్రాలు కావాలి. అంటే ఇంట్లో సంపాదించే పది మందిలో ఒకడు పూర్తిగా చల్లగాలి పనికే పోయినట్టు. పెద్ద కార్లకు ఇది తెలియదు, మన వ్యాన్‌కు ప్రతి ఎత్తు మీదా తెలుస్తుంది.

ఉస్తాద్ షాగిర్ద్ ఒకడు, కుర్రాడు, హుషారుగా సలహా ఇచ్చాడు. "సార్, ఈకో ఇంజన్ పెట్టేద్దాం. 1200 సీసీ. రాకెట్ లెక్క పోతది."

ఉస్తాద్ వాడి నెత్తి మీద ఒకటి వేశాడు. "ఇంజన్ పెద్దదైతది. బ్రేకులు ఎవరివి? గేర్‌బాక్సు ఎవరిది? కింద రేకు ఎవరిది? మేకకు గుర్రం దిల్ పెడితే మేక కాళ్లు విరుగుతయి."

కాబట్టి అదే రకం ఇంజన్, మంచి స్థితిలో ఉన్నది వెతకాలి. హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాలకు ఫోన్లు పోయాయి. రెండు దొరికాయి. రెండూ వీడియో కాల్‌లో చూశాం, తర్వాత ఉస్తాద్, నేను వెళ్లి చేత్తో చూశాం. చూసే పద్ధతి ఇది. ఆయిల్ మూత విప్పితే లోపల పెరుగు మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలిశాయని అర్థం, వదిలేయాలి. ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. తర్వాత ఒక్కో సిలిండర్‌లో గేజ్ పెట్టి స్టార్టర్‌తో తిప్పి కంప్రెషన్ చూడాలి. అంకె ఎంత అనేదాని కంటే మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒక ఇంజన్‌లో 155, 150, 155 వచ్చింది. రెండోదాంట్లో 160, 160, 155.

రెండోది మేలైనది. ధర కూడా ఆరు వేలు తక్కువ. మరి ఎందుకు తక్కువ?

"కాగజ్ లేదు భాయ్," అన్నాడు దుకాణదారు, చాయ్ అందిస్తూ.

*

ఇక్కడ ఆగాలి. ఈ వ్యాసం రాస్తున్నది నిజానికి ఇందుకే.

బండి ఆర్.సి. మీద ఛాసిస్ నంబర్‌తో పాటు ఇంజన్ నంబర్ కూడా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే రవాణా అధికారుల అనుమతి ఉండాలి. ఇంజన్ ఎక్కడ కొన్నారో బిల్లు చూపించాలి, దరఖాస్తు పెట్టాలి, బండి చూపించాలి, కొత్త నంబర్ ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. బిల్లు లేని ఇంజన్‌కు ఇవేవీ జరగవు.

దుకాణదారు దగ్గర దానికి తరీఖా ఉంది. "పాత నంబరు చెప్పండి. దీని మీది నంబరు రుద్దేసి మీది కొట్టేస్తాం. పది నిమిషాలు. అందరూ చేయించుకుంటరు. మూడు రోజుల్లో అమ్మీజాన్ బండిలో కూసుంటది."

మూడు రోజులు. ఆ మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది. బిల్లు ఉన్న ఇంజన్ కొంటే కాగితాల పనికి ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. అమ్మీకి వారానికి రెండుసార్లు కర్నూలు తప్పదు. ఏప్రిల్ పోయి మే వస్తోంది.

నాకు ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. కొన్నేళ్ల కింద వాడి గురించి నేనే వార్త రాశాను. సంతలో సస్తాగా బైకు కొన్నాడు. నంబరు చెక్కిన బైకు. అది ఎక్కడో ఎవరి ఇంటి ముందో ఎత్తుకొచ్చిందని కొన్నవాడికి తెలియదు. జైలుకు పోయింది వాడే. 'తెలియకపోతే నేరం కాదా?' అని గొప్పగా హెడ్డింగ్ పెట్టాను. నా ముందున్న ఇంజన్ ఏ బండిలోది? ఆ బండి ఎవరిది? వాళ్లింట్లో కూడా ఎవరో అమ్మీ ఆసుపత్రికి పోవాల్సి ఉండిందా? కుర్రాడికి తెలియదు. నాకైతే అడగకుండానే తెలిసిపోయింది.

ఉస్తాద్ ఏమీ అనలేదు. చాయ్ ముగించి, "ఫైసలా నీది. నేను బిగించేవాణ్ని," అన్నాడు.

కాగజ్ ఉన్నదే తీసుకున్నాం. తిరుగుదారిలో నా ఛాతీ కొంచెం ఉబ్బి ఉందని ఒప్పుకుంటాను. ఇమాందారీ చేశానని, అబ్బా రూహ్ సంతోషపడుతుందని అనుకున్నాను.

కాగితాల పనికి మూడు వారాల పైన పట్టింది. ఎవరినీ తప్పుపట్టను, ఒక కాగితం మేమే తప్పుగా రాశాం, ఇంకోటి హైదరాబాద్ నుంచి మళ్లీ తేవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో డబ్బున్న రోజు అద్దె కారు, లేనిరోజు ఎవరి బండో బతిమాలుకోవడం. ఒక శుక్రవారం రెండూ కుదరలేదు. బస్సులో తీసుకుపోయాను. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు డయాలసిస్ అయిన ఒళ్లు, బీపీ పడిపోయి ఉంది, బయట నలభై మూడు డిగ్రీలు. పుల్లూరు దాటాక అమ్మీ నా భుజం మీదికి వాలింది. నిద్ర అనుకున్నాను. పిలిస్తే పలకలేదు. ఒక చెల్లెమ్మ సీటు ఖాళీ చేసింది, ఇంకో పెద్దాయన కండువాతో విసిరాడు, కండక్టర్ బస్సు పక్కకు ఆపించాడు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం. నాలుగైదు నిమిషాలకు కళ్లు తెరిచింది. ఆ నాలుగైదు నిమిషాల్లో నా ఇమాందారీ అంతా నాకు బరువుగా, పనికిరాని వస్తువుగా కనిపించింది. మూడు రోజుల్లో అయ్యే పని కదా అది?

ఆ రాత్రి అమ్మీ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. కాగజ్ లేని ఇంజన్ సంగతి, నంబరు చెక్కే సంగతి, ఆరు వేల సంగతి, మూడు రోజుల సంగతి. శభాష్ అంటుందని కాదు, కాని క్షమిస్తుందని అనుకున్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది:

"చోరీ సామాను మీ అబ్బా బండిలోకి రాకూడదు. అది సరే. కాని బేటా, దాని ఖర్చు పెట్టింది ఎవరు? నేను. నా ఒంటితో కట్టాను. కట్టేదాన్నే, వద్దనేదాన్ని కాదు. బేరం చేసే ముందు ఒక్క మాట నన్ను అడగాలి గదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా ఇతరుల తప్పులు రాస్తున్నాను. నా తప్పు నాకు కనిపించిన చోట కాకుండా, నేను మంచిపని అనుకున్న చోట దొరికింది. మన ఇళ్లల్లో ముసలివాళ్ల కోసం అన్నీ చేస్తాం, వాళ్లను అడగడం తప్ప. డాక్టర్‌ను మార్చేది మనమే, తిండి మార్చేది మనమే, ఏ ఊళ్లో ఉండాలో చెప్పేది మనమే. ఖిద్మత్ అంటే చేయడమే అనుకుంటాం. అడగడం కూడా అందులో భాగమేనని అరవై తొమ్మిదేళ్ల మనిషి చెప్తే గానీ తెలియలేదు.

*

ఇక పని సంగతి. ఏసీ విషయంలో ఈసారి అమ్మీని అడిగాం. "ఎముకలు కొరికే చలి నాకొద్దు. చెమట పట్టకుంటే చాలు," అంది. ఆ మాట ఉస్తాద్ పని సగానికి తగ్గించింది.

కంప్రెసర్ కంటే ముందు ఆయన వేడి లోపలికి వచ్చే దారులు మూయించాడు. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఇంట్లో పొయ్యి మీద పీట వేసుకొని కూర్చున్నట్టు. ఇంజన్ మూత చుట్టూ రబ్బరు ఎండి రాలిపోయింది, కొత్తది వేశాం. మూత లోపలి వైపు, పైకప్పు రేకు కింద వెండి రేకు అతికిన ఫోమ్ పరిచాం. డోర్ల రబ్బర్లన్నీ మార్చాం. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేద్దామని తమ్ముడు అన్నాడు, సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని ఆపేసింది కాబట్టి వదిలేశాం. ఉస్తాద్ మాట: "చిల్లి ఉన్న కుండలో ఎన్ని నీళ్లు పోస్తవు? ముందు చిల్లి మూయి."

తర్వాత రేడియేటర్. పాతది పారేసి మందంగా ఉండే కోర్‌తో కొత్తది. ఓమ్నిలో రేడియేటర్ ముందు, ఇంజన్ సీటు కింద, మధ్యలో పొడుగు పైపులు. వాటిలో గాలి బుడగ చిక్కుకుంటే నీళ్లు నిండుగా ఉన్నా ఇంజన్ మాడిపోతుంది. గాలి పూర్తిగా పోయేదాకా ఓపికగా నింపాలి. కండెన్సర్‌కు విడిగా ఫ్యాను, ఏసీ వేసినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా కొంచెం రేజ్ పెంచే ఏర్పాటు, వేడి ముల్లు పైకి పోతే కంప్రెసర్ తనంతట తానే ఆగే స్విచ్చు. ఈ చివరిది ఖర్చు తక్కువ, కాపాడేది మాత్రం ఇంజన్‌నే.

గ్యాస్ దగ్గర ఒక మాట. పాతకాలం కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరకు చేటు అని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా మెల్లగా వదిలేసింది. ఇప్పుడు మన బండ్లలో ఎక్కువగా ఆర్-134ఎ. కొన్ని చోట్ల సస్తాగా అవుతుందని వంటగ్యాస్ లాంటిది నింపేస్తారు. చల్లగానే ఉంటుంది, కాని అది అంటుకునే గ్యాస్, కాయిల్ లీకైతే వచ్చేది మనం కూర్చున్న గదిలోకే. నింపేముందు డబ్బా చూపించమని అడగండి. నింపే ముందు పంపుతో కనీసం అరగంట వాక్యూమ్ పట్టించి, ముల్లు కదలకుండా ఉందో లేదో చూడమనండి. పైపుల్లో తేమ మిగిలితే కొత్త ఏసీ కూడా నెలలో ఖతం.

ఇంజన్ దించడానికి ముందు సీట్లు తీసినప్పుడు ఒక వస్తువు దొరికింది. అబ్బా సీటు కింద, ఇంజన్ మూతకు పైన, నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి. దాని లోపల మా పాత జానిమాజ్ ముక్క. పచ్చరంగు అంచు చూసి గుర్తుపట్టాను. నమాజుకు పనికిరాకుండా చిరిగిపోయాక అమ్మీ దాన్ని ఎక్కడో దాచి ఉంటుందనుకునేవాళ్లం. ఒకవైపు మాడి గోధుమరంగు తిరిగింది. మేము వెనక కూర్చొని కిటికీ గాలికి పాటలు పాడుకుంటూ ఉర్సుకు పోయిన రోజుల్లో, సంతల నుంచి ఆయన ఒంటరిగా తిరిగొచ్చిన మధ్యాహ్నాల్లో, ఆ వేడి మీద కూర్చున్నది ఆయన. ఒక్కసారి కూడా వేడి అనలేదు. ఉస్తాద్ దాన్ని చెత్తలో వేయబోతే షాగిర్ద్ కుర్రాడు నా మొహం చూసి పక్కన పెట్టాడు. ఇప్పుడు అమ్మీ పెట్టెలో ఉంది.

*

పరీక్షలు ఐదు రోజులు నడిచాయి. మొదటి రోజు బండి కదలలేదు. నిలబెట్టి అరగంట నడిపాం. వేడి ముల్లు మధ్యకు వచ్చి నిలబడిందా, ఫ్యాను తనంతట తిరిగి తనంతట ఆగిందా, కింద కాగితం పరిస్తే చుక్క పడిందా అని చూశాం. రెండో రోజు ఏసీ లేకుండా శాంతినగర్ దాకా పోయి వచ్చాం. మూడో రోజు అలంపూర్ చౌరస్తా. నాలుగో రోజు వెనక నాలుగు సిమెంటు బస్తాలు వేసి హైవే మీద, మొదటిసారి ఏసీతో. ఐదో రోజు అసలు పరీక్ష: మధ్యాహ్నం రెండు గంటలకు, టోల్‌గేటు క్యూలో నిలబడి. పరుగెత్తే బండికి గాలి తగులుతుంది, అందరి ఏసీ పనిచేస్తుంది. నిలబడ్డప్పుడే దాని అస్లీ సంగతి బయటపడుతుంది.

తమ్ముడు థర్మామీటర్ పట్టుకున్నాడు, నేను నోటుబుక్కు. బయట 42. పరుగులో గాలి వచ్చే రంధ్రం దగ్గర 12. క్యూలో పది నిమిషాలు నిలబడితే అది 19కి ఎక్కింది. సీటు దగ్గర 29. ముల్లు మధ్య గీత దాటి వెంట్రుకంత పైకి పోయి ఆగింది. ఏసీ వేస్తే బండి నాలుగో గేరులో ఎత్తు ఎక్కడానికి మొరాయించింది, మూడులోకి దించాల్సి వచ్చింది. షోరూమ్ కారుతో పోలిస్తే ఇది ఫెయిలు. అమ్మీ అడిగిన లెక్క ప్రకారం పాసు. మొదటి వెయ్యి కిలోమీటర్లు అరవై దాటవద్దని, ఐదువందలకే ఆయిల్ మార్చాలని ఉస్తాద్ గట్టిగా చెప్పి తాళం చేతిలో పెట్టాడు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, దానికి కొత్త దిల్ పెట్టాలనుకుంటే, నేను చెప్పేవి మూడే. ఇంజన్‌కు బిల్లు అడగండి. కంప్రెసర్ కంటే ముందు రబ్బర్ల మీద డబ్బు పెట్టండి. ఆ బండిలో కూర్చోబోయే మనిషిని ముందు అడగండి.

మరుసటి మంగళవారం కర్నూలు పోయాం. తిరుగుదారిలో అమ్మీ ముందు సీట్లో కూర్చుంటానంది. పుల్లూరు టోల్‌గేటు దాటాం, ఆ వేపచెట్టు దాటాం. నేను అటు చూడలేదు. చౌరస్తా తిరిగేసరికి నిద్రపోయింది. ఈసారి నిద్రేనా అని రెండుసార్లు మెల్లగా పిలిచాను. రెండోసారి కళ్లు తెరవకుండానే, "సోనే దే రే," అని విసుక్కుంది.

ఇల్లు చేరాక బండి సర్దుతుంటే ఆమె సీసా కనిపించింది. పొద్దున నింపిన నీళ్లలో సగం అలాగే ఉన్నాయి.